సర్కసు జంతువుల పదవీ విరమణ

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వయసు వాళ్లలో సర్కసు చూడనివారు ఉండరు. పులి మండే వలయంలోంచి దూకుతుంటే డేరా అంతా చప్పట్లే. నిప్పును చూస్తే పులికి భయం. అంతకుమించిన భయం కొరడా మీద ఉంటే తప్ప అది దూకదు. ఎలుగుబంటికి సైకిలు తొక్కాలని సరదా ఎక్కడిది? ముక్కుకు తాడు, ఏనుగుకైతే అంకుశం, కాళ్లకు గొలుసులు. ఆట పది నిమిషాలు. మిగిలిన పొద్దంతా ఒళ్లు తిప్పుకునే చోటులేని చక్రాల బోనులోనే. ఊరు మారితే ఆ బోనుతో సహా ప్రయాణం. మనకు బదిలీ అయితే కనీసం టి.ఏ. ఇచ్చేవారు!

మన కోడి రామ్మూర్తి నాయుడు గారు రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకున్న సంగతి మన పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆయన బలం గురించే చెప్పేవారు. ఆ ఏనుగుకు ఆ విద్య ఎలా నేర్పారో ఎవరూ అడిగినట్టు లేదు.

జంతు హింస నివారణ చట్టం 1960లోనే వచ్చింది. అయినా 1998 అక్టోబరులో గాని కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఈ ఐదింటితో ప్రదర్శనలు కూడదని ప్రకటన ఇవ్వలేదు. సర్కసువారు తమ వృత్తి హక్కు పోతుందని కోర్టుకెక్కారు. వారి బాధ అబద్ధం కాదు, డేరాను నమ్ముకుని ఎన్నో కుటుంబాలున్నాయి. కాని కేరళ హైకోర్టు 2000లో ఆ వాదన ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు కూడా 2001 మే 1న ప్రకటనను సమర్థించింది. తీర్పు మే డే నాడే రావడం చిత్రం.

తీర్పు వచ్చింది సరే, వాటిని పెట్టేదెక్కడ? బోనులో పుట్టిన సింహానికి వేట రాదు, అడవిలో వదిలితే ఆకలితో చస్తుంది. అందుకే సంరక్షణ కేంద్రాలు పెట్టారు. మన విశాఖపట్నం, తిరుపతి జూలవద్దా పెట్టారు. ఆ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతుల సంకరం. అందుచేత పిల్లలు కలగకుండా చూశారు. సర్కారు ఖర్చుమీద మాంసం, వైద్యం, నీడ. కొరడా మాత్రం లేదు. ముసలితనం వచ్చి ఒక్కొక్కటే అక్కడే కన్నుమూశాయి.