విశ్వాసము నేర్పుట
తుని పరిసరములందలి కతోలిక కుటుంబములకు ఉపదేశి యెవరో చెప్పనక్కరలేదు. గురువులు అప్పుడప్పుడే రాగల పల్లెలలో సత్యోపదేశపు ప్రశ్నోత్తరములను వల్లె వేయించినవాడతడే. ఆ వల్లెవేతను మేము తేలికగా చూడము. చదువురాని తల్లులకు ప్రార్థనలు కంఠస్థమైనవి దానివలననే. కాని జవాబు చెప్పుట వేఱు, వరదకు పంట పోయిననాడు దేవుని నమ్మియుండుట వేఱు.

రెండవ వాటికన్ మహాసభ (1962-65) పిమ్మట పూజ లాటినును వీడి తెలుగున వినవచ్చెను. అర్థమైనంతనే విశ్వాసము కుదురునా? సత్యోపదేశ లక్ష్యము క్రీస్తుతో సాన్నిహిత్యమేయని రెండవ జాన్ పాల్ పోపుగారు 1979లో వ్రాసిరి. మా ప్రసంగము వినినంత మాత్రమున అది కలుగదు. మొదటి సత్ప్రసాదమునకు సిద్ధపడు పిల్లవాడు పది ఆజ్ఞలు అప్పగించిన పిదప, ఉపదేశి వానిని రోగి యింటికి వెంటబెట్టుకొని పోవలెను. అక్కడ ఇద్దరును కలిసి జపమాల చెప్పవలెను. సాయంకాలము ఇంట తండ్రియు మోకరించవలెను. పిల్లవాడు చూచుచునే యుండును.