హక్కు వెంట వచ్చిన ధ్రువపత్రం



మా మాస్టారు పరిపాలనా శాస్త్రం పాఠం చెప్పేటప్పుడు ఏ పథకం ప్రస్తావన వచ్చినా ఒకే ప్రశ్న వేసేవారు. ‘ఇవ్వకపోతే ఎవరు జవాబు చెప్పాలి?’ అని. లబ్ధిదారుల సంఖ్య, బడ్జెట్ కేటాయింపు ఆ తరువాతే. అమెరికాలో సైనిక సేవలో వైకల్యం పొందినవారు నడిపే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ చరిత్రలోకి నేను దిగింది ఆ ప్రశ్న పట్టుకునే. ఆయన పేరున జరిగే ఈ సభలో దాని గురించే మాట్లాడటం న్యాయమనిపించింది.

మాజీ సైనికుల సహాయం కోసం వచ్చిన 1944 నాటి జీఐ బిల్లు సంగతి, 1953లో చిన్న వ్యాపారాల పాలనా సంస్థ ఏర్పడిన వైనం ఈ సభకు కొత్త కాదు. వియత్నాం యుద్ధం తరువాత గడిచిన పాతికేళ్లలో మాజీ సైనికుల వ్యాపారాల మీద సానుభూతి వాక్యాలు చాలా వచ్చాయి, కొనుగోలు ఉత్తర్వులు రాలేదు. ఆ కాలాన్ని దాటేస్తాను.

1999 ఆగస్టులో వచ్చిన చట్టం మొదటిసారి ఒక అంకె పెట్టింది. ఫెడరల్ ప్రభుత్వం చేసే కొనుగోళ్ల విలువలో 3 శాతం ఈ వ్యాపారాలకు దక్కాలని లక్ష్యం. లక్ష్యం పెట్టారు గానీ దాన్ని అందుకునే సాధనం అధికారుల చేతికివ్వలేదు. 2003 డిసెంబర్ చట్టంతో కొన్ని కాంట్రాక్టులను వీరికే ప్రత్యేకించే వీలు కలిగింది. ప్రత్యేకించవచ్చు అన్నారంతే, తప్పనిసరి అనలేదు. మరుసటి ఏడాది అధ్యక్షుడు బుష్ కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చి శాఖలను తొందరపెట్టారు. అయినా ఆ 3 శాతం మొదటిసారి అందింది 2012లో. వెటరన్స్ వ్యవహారాల శాఖ సంగతి అలా ఉంచితే, ఈ కాలమంతా అర్హతకు రుజువు సంస్థ సొంత మాటే. ‘మా యజమాని సేవలో వైకల్యం పొందిన మాజీ సైనికుడు’ అని సంస్థే రాసిస్తే సరిపోయేది.

ఇక నేను ఎక్కువ కాలం గడిపిన ఘట్టానికి వస్తాను. 2006 డిసెంబర్ 22న సంతకమైన చట్టం వెటరన్స్ వ్యవహారాల శాఖ ఒక్కదానికే వర్తిస్తుంది. అందులో ఒక సెక్షన్ ఉంది, అమెరికా చట్టసంహిత 38వ టైటిల్‌లో 8127. దాన్ని దగ్గరగా చూడమని మీ అందరినీ కోరుతున్నాను. ఒక ఉపవిభాగం కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కు ఆదేశమిస్తుంది. మాజీ సైనికుల సంస్థలు కనీసం రెండు టెండరు వేస్తాయని, సరసమైన ధరకు పని దొరుకుతుందని సహేతుకంగా నమ్మకం కలిగితే, పోటీని ఆ సంస్థల మధ్యనే పెట్టాలి. దీన్నే అక్కడ ‘రూల్ ఆఫ్ టూ’ అంటారు. అదే సెక్షన్‌లో మరికొంచెం కిందికి వస్తే ఇంకో ఉపవిభాగం. అటువంటి సంస్థల జాబితా శాఖే నిర్వహించాలి. అందులో ఉన్న ప్రతి సంస్థా నిజంగా మాజీ సైనికుల యాజమాన్యంలో, వారి అదుపులో ఉందా అని సరిచూడాలి. వైకల్యం ఉందని చెప్పినవారికి ఆ వైకల్యం సేవ వల్ల కలిగిందేనా అని కూడా సరిచూడాలి. ధ్రువీకరణ పుట్టింది ఇక్కడ. అధికారి మెడకు బాధ్యత తగిలించిన సెక్షనే సైనికుడి చేతికి కాగితం ఇమ్మంది.

కొందరు పండితులతో నా పేచీ ఇక్కడే. ‘మోసాలు బయటపడ్డాయి, అందుకే ధ్రువీకరణ వచ్చింది’ అని వారు రాస్తారు. ఆధారంగా 2009 అక్టోబర్‌లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఇచ్చిన నివేదికను చూపిస్తారు. ఆ నివేదిక పది సంస్థలను పరిశీలించి, అర్హత లేకుండానే అవి సుమారు 10 కోట్ల డాలర్ల కాంట్రాక్టులు పొందాయని తేల్చింది. ఫ్లోరిడాలోని మెక్‌డిల్ వైమానిక స్థావరంలో పూర్తికాలం పనిచేసే ఒకాయన తన పేరున సంస్థ పెట్టాడు. దాదాపు 9 లక్షల డాలర్ల ఫర్నిచర్ కాంట్రాక్టు సంపాదించాడు. దాన్ని భార్య పనిచేసే కంపెనీకి దాటించాడు. ఆ కంపెనీ తయారీదారుకు దాటించింది. ఫర్నిచర్ తెచ్చి బిగించింది ఆ తయారీదారే. యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకుని, నిజాయితీగా టెండరు వేసినవాడి నోటి దగ్గర కూడు లాక్కోవడమే ఇది. చదివితే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

కానీ తేదీలు చూడండి. చట్టం 2006, నివేదిక 2009. మూడేళ్ల తరువాత వచ్చింది ముందటిదానికి కారణం ఎలా అవుతుంది? నివేదిక వల్ల జరిగింది వేరు. 2010లో చట్టాన్ని సవరించి, సరిచూసిన తరువాతే సంస్థ పేరు జాబితాకెక్కాలన్నారు. తలుపు అప్పటికే ఉంది, దానికి గడియ బిగించారు. ఇంకో సాక్ష్యం. ఆ పది సంస్థల కాంట్రాక్టుల్లో ఇతర శాఖలవీ ఉన్నాయి. మోసమే కారణమైతే ఆ శాఖల్లోనూ ధ్రువీకరణ వెంటనే రావాలి కదా. రాలేదు. అక్కడ 2023 దాకా సొంత మాటే చెల్లింది. తప్పనిసరిగా ఇవ్వాల్సిన చోట ఎవరికివ్వాలో ఖాయంగా తెలియాలి. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు అన్న చోట ఆ అవసరం ఎవరికీ తోచలేదు.

ఇంత పట్టు ఎందుకంటే, ధ్రువీకరణ అనుమానం నుంచి పుట్టిందని నమ్మితే దరఖాస్తు పెట్టుకున్న ప్రతి సైనికుడూ దొంగలాగే కనిపిస్తాడు. మైల్స్ కన్‌స్ట్రక్షన్ అనే సంస్థ వ్యవహారం చూడండి. భాగస్వామ్య ఒప్పందంలో ఒక షరతు ఉంది: యజమాని తన వాటా అమ్మదలిస్తే ముందు తోటి భాగస్వాములను అడగాలి. వ్యాపార ఒప్పందాల్లో మామూలుగా ఉండే షరతే. దాన్ని పట్టుకుని, యాజమాన్యం నిర్నిబంధంగా లేదని శాఖ ఆ సంస్థను అనర్హం చేసింది. ఆ నిర్ణయం చెల్లదని 2013లో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు చెప్పాల్సి వచ్చింది.

కింగ్‌డమ్‌వేర్ కేసు కూడా ఈ కాలానిదే. మేరీలాండ్‌కు చెందిన ఈ చిన్న సంస్థ యజమాని సేవలో వైకల్యం పొందిన మాజీ సైనికుడు. 2012లో వెటరన్స్ ఆసుపత్రులకు, అత్యవసర సమయంలో సిబ్బందికి సందేశాలు పంపే వ్యవస్థ కావాల్సి వచ్చింది. మన ఆఫీసుల్లో రేట్ కాంట్రాక్ట్ అంటామే, అటువంటి జాబితా నుంచి శాఖ దాన్ని వేరే కంపెనీ దగ్గర కొనేసింది. రూల్ ఆఫ్ టూ జోలికే పోలేదు. జవాబుదారీ కార్యాలయం అది తప్పంది. ఆ అభిప్రాయానికి కట్టుబడాల్సిన పని లేదని శాఖ పెడచెవిన పెట్టింది. మా లక్ష్యం నెరవేరింది, ఇక మా ఇష్టమని వాదించింది. కింది కోర్టూ, అప్పీలు కోర్టూ శాఖ పక్షానే నిలిచాయి. కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి ఆ కాంట్రాక్టు గడువే తీరిపోయింది. అయినా ఇలాంటి తగవు మళ్లీ మళ్లీ వచ్చేదేనని కోర్టు విచారణకు తీసుకుంది. 2016 జూన్ 16న ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఒక్కమాట మీద నిలిచారు. తీర్పు రాసింది జస్టిస్ థామస్. లక్ష్యం అందినా అందకపోయినా నియమం పాటించాల్సిందే, రేటు జాబితా కొనుగోళ్లకు కూడా మినహాయింపు లేదు. మాస్టారి ప్రశ్నకు ఇంత సూటి జవాబు నాకు మరెక్కడా దొరకలేదు.

అధ్యక్షుల వారు సమయం గుర్తు చేస్తున్నారు. మిగిలింది గబగబా చెబుతాను. 2018 అక్టోబర్ 1 నుంచి యాజమాన్యానికి, అదుపుకు వెటరన్స్ శాఖ, చిన్న వ్యాపారాల పాలనా సంస్థ రెండూ ఒకే నిర్వచనం పాటించసాగాయి. మాజీ సైనికుల వాటా కనీసం 51 శాతం ఉండాలి. వైకల్యం ఇంత శాతం ఉండి తీరాలన్న నియమం లేదు. 2023 జనవరి 1న ధ్రువీకరణ పని వెటరన్స్ శాఖ నుంచి చిన్న వ్యాపారాల పాలనా సంస్థకు మారి, అన్ని శాఖలకూ విస్తరించింది. ధ్రువీకరణ గడువు మూడేళ్లు. అదే ఏడాది డిసెంబర్‌లో లక్ష్యాన్ని 5 శాతానికి పెంచారు, సొంత మాటతో వచ్చినవారిని లక్ష్యం లెక్కలోంచి తీసేసే ఏర్పాటూ చేశారు.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ 2012 నాటి ప్రభుత్వ కొనుగోలు విధానం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు వాటా కేటాయించింది. ఇప్పుడది 25 శాతం. అందులో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు 4 శాతం, మహిళలకు 3 శాతం. సేవలో వైకల్యం పొందిన సైనికులకు విడిగా వాటా లేదు. ఉండాలన్నది నా అభిప్రాయం. ఆ వాటా అడిగేవారు ఆఫీసర్ బాధ్యతను, ధ్రువీకరణను ఒకే సెక్షన్‌లో అడగాలి. మాస్టారి విద్యార్థుల్లో ఎవరైనా ముసాయిదా రాయడానికి కూర్చుంటే నేను పోగుచేసిన తీర్పులు, నివేదికలు అన్నీ వారికిస్తాను. సభ ముగిశాక వచ్చి నన్ను కలవండి.