బందరు కోట గోడలు



మచిలీపట్నాన్నే బందరు అంటాం. అక్కడ పాత కోట ఉంది. కోటంటే ఏముంది, మొండిగోడలే మిగిలాయి.

ఒకప్పుడు ఆ కోటలో సిపాయిలు కాపలా కాసేవారు. మందుగుండు దాచేవారు. 1759లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి దాన్ని లాక్కున్నారు.

1864 నవంబరు 1 రాత్రి తుఫాను వచ్చింది. సముద్రం ఊరి మీద పడింది. సుమారు 30 వేల మంది చచ్చిపోయారు. ఫిరంగులున్న కోటే కదా! నీళ్ళను ఫిరంగి ఆపుతుందా? ఆ తర్వాత పటాలం అక్కడ నిలవలేదు.

ఉప్పెన వస్తోందని ఆనాడు చెప్పే దిక్కు లేదు. ఇప్పుడు రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. దానికో నంబరు ఉంటుంది. రేడియోలో చెబుతారు, పేపర్లో వేస్తారు. 8, 9, 10 అంటే మహా ప్రమాదం. ఆ అంకెలు చదవడం మీకు వచ్చింది కదా! వాటిలో ఏది కనబడినా పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని, గాలి ముదరకముందే తుఫాను షెల్టరుకు చేరండి.