ఒకే ఆధారం, రెండు తీర్పులు

 

నిడదవోలు చుట్టుపక్కల ఊళ్ళల్లో పెరిగినవాళ్ళకి జామీను సంతకం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సొసైటీలో అప్పు కావాలన్నా, పాడుకున్న చిట్టీ డబ్బు చేతికి రావాలన్నా "కాస్త హామీ ఉండవయ్యా" అంటూ ఎవరో ఒకరు గుమ్మంలోకి వస్తారు. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీకు ఉద్యోగం రాగానే, మీ గుమ్మంలోకీ వస్తారు.

ఆ జామీను మీద ఇస్లామీయ న్యాయవేత్తలు చేసిన వాదం ఒకటి చెబుతాను. దానికి ఆధారం బుఖారీ సంకలనంలోని ఒక హదీసు, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనం. అంత్యక్రియల నమాజు కోసం ఒక శవాన్ని తెచ్చారు. పోయినవాడికి మూడు దీనార్ల అప్పుంది, వెనక చిల్లిగవ్వ లేదు. ప్రవక్త తాను నమాజు చేయనన్నారు. అబూ ఖతాదా అనే అనుచరుడు ముందుకొచ్చి ఆ అప్పు తన మీద వేసుకున్నాడు. అప్పుడు ప్రవక్త నమాజు చేశారు.

జరిగినదాని మీద తగువు లేదు. ఆ న్యాయవేత్తల్లో ఇమామ్ మాలిక్, షాఫయీ, అహ్మద్ దీన్నిబట్టి చనిపోయినవాడి అప్పుకీ జామీను చెల్లుతుందన్నారు. అబూ హనీఫా కాదన్నారు. ఆస్తి లేకుండా పోయినవాడి బాకీ లోకవ్యవహారంలో అతనితోనే పోయింది, లేని బాకీకి హామీ ఏమిటన్నది ఆయన ప్రశ్న. అబూ ఖతాదా అంతకుముందే హామీ ఉండి ఆ సంగతే చెప్పి ఉండవచ్చు, లేదా కడతానని మాట మాత్రమే ఇచ్చి ఉండవచ్చునని హదీసుకు ఆయన పక్షం చెప్పే అర్థం.

ఆయన సొంత శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అల్ షైబానీ గురువు మాట ఒప్పుకోలేదు. ఐనా ఆయన పేర నడిచే హనఫీ సంప్రదాయం వాళ్ళని వెలివేయలేదు. 12వ శతాబ్దపు హిదాయా గ్రంథం ఇరుపక్షాల మాటా కారణాలతో సహా పక్కపక్కనే పెట్టింది.

బాకీ ముందు ఎవర్ని అడగాలన్న దగ్గరా తేడా ఉంది. బాకీదారు కట్టగలిగితే ముందు అతన్నే అడగమంటుంది ఇమామ్ మాలిక్‌ను అనుసరించే మాలికీల్లో ప్రసిద్ధమైన అభిప్రాయం. ఆ నలుగురి పేర నడిచే సంప్రదాయాల్లో మిగతా మూడూ ఇద్దరిలో ఎవర్నైనా అడగవచ్చంటాయి. మన 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షనూ దాదాపు అంతే. వేరే షరతు లేకపోతే బాకీదారు బాధ్యత ఎంతో హామీదారుదీ అంతే. ముందు బాకీదారుని అడిగి రమ్మని హామీదారు బ్యాంకుని తిప్పి పంపలేడని సుప్రీంకోర్టు 1968లో తేల్చింది.

అందుకని కాగితం చదివి, కట్టగలిగినంతకే సంతకం పెట్టండి. ఇక ఆ న్యాయవేత్తల్లా ఎవరైనా మీ మాట కాదంటే ఆధారం చూడలేదని తీసిపారేయకండి. చూసే వేరుగా చదివి ఉంటారు. ఎక్కడ దారి విడిందో వేలు పెట్టి చూపించండి. మా పెద్దవాళ్ళ మాటా కాదనండి, కానీ మా వాదం మాకంటే బాగా చెప్పగలిగాకే కాదనండి.