రాత్రికి రాత్రి పోయిన వినికిడి



ఒక మనిషి రాత్రి బాగానే పడుకుంటాడు. తెల్లారి లేచేసరికి ఒక చెవిలో దూది కుక్కినట్టుంటుంది. లోపల గుయ్యిమని మోత. ఫోను ఆ చెవికి పెడితే మాట రాదు, ఈ చెవికి మారిస్తే వస్తుంది. నొప్పి లేదు, చీము లేదు. అందుకే ఎవరూ ఖాతరు చెయ్యరు. గులిమి అనుకుంటారు, జలుబు అనుకుంటారు, ఎల్లిగడ్డ వేసి కాచిన నూనె పోస్తారు. చూస్తుండగానే వారం గడిచిపోతుంది.

నా బాధంతా ఆ వారం గురించే. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాకు రక్తం వచ్చేది ఒకే సన్నటి ధమని నుంచి. అది మూసుకుపోతే పక్కదారి లేదు. అక్కడి కేశకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ఎక్కువమందిలో అసలు కారణమేమిటో తేలదు. గాయని అల్కా యాగ్నిక్ 2024లో తన కష్టం తానే చెప్పుకున్నారు: విమానం దిగి నడుస్తుంటే ఏమీ వినపడలేదట. వైరస్ వల్ల నరాల చెవుడు వచ్చిందని డాక్టర్లు చెప్పారట.

ఇలా ఉన్నట్టుండి వచ్చే నరాల చెవుడుకు మన దగ్గరున్న మందు స్టెరాయిడ్. ప్రెడ్నిసోలోన్ మాత్రలు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము చొప్పున, రోజుకు 60 మించకుండా, వారం రెండు వారాలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తాం. 1980లో విల్సన్ బృందం చేసిన పరిశోధనలో స్టెరాయిడ్ వాడినవారిలో 61 శాతం మందికి, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో 32 శాతం మందికి వినికిడి తిరిగొచ్చింది. తర్వాతి పరిశోధనలన్నీ ఇంత గట్టిగా చెప్పలేదు. మందు లేకుండా కోలుకునేవాళ్లూ ఉన్నారు. అయినా ఇంతకంటే మంచి దారి ఇంకా దొరకలేదు. ఇస్తే మొదటి రెండు వారాల్లోనే ఇవ్వాలి. మాత్రలతో గుణం రాకపోతే, ఆరు వారాల్లోపు కర్ణభేరి గుండా లోపలికి డెక్సామెథసోన్ సూది వేస్తాం.

ఊళ్లో మొదట చెయ్యి పట్టి చూసే ఆర్ఎంపీ మిత్రులారా, స్టెరాయిడ్ మాత్రం మీరు మొదలుపెట్టకండి. షుగరు ఎగబాకుతుంది, అణిగి ఉన్న టీబీ లేస్తుంది. మీ పని గుర్తుపట్టడం. ఇప్పుడే చేసి చూద్దాం. కుడి చెవిని వేలితో మూసి, నోరు మూసుకుని "మ్మ్" అనండి. మోత మూసిన చెవిలోనే ఎక్కువ వినిపిస్తోంది కదా? గులిమి అడ్డుపడిన చెవిలోనూ అంతే. చెవుడొచ్చిన మనిషి చెవి మూయకుండా "మ్మ్" అన్నప్పుడు ఆ మోత మంచి చెవిలోనే వినిపిస్తే నరం దెబ్బతిందని అనుమానించండి. అనుమానం తీరకపోయినా పంపండి.

"ఒక్క చెవే కదా" అనకండి. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో రెండు చెవులుంటేనే తెలుస్తుంది. తేనెకు, గడ్డలకు నల్లమల లోపలికి పోయే చెంచు అన్నకు పొదలో కదిలిన ఎలుగుబంటి కుడివైపుందో ఎడమవైపుందో తెలియాలి గదా.

అందుకే ఆశా, ఏఎన్ఎం అక్కల్లారా, చెవి వినపడడం లేదని ఎవరొచ్చినా ముందు "ఎప్పటి నుంచి?" అని అడగండి. నిన్నటి నుంచి అంటే నూనె సీసా పక్కన పెట్టించి, అదే రోజు అచ్చంపేటకో నాగర్‌కర్నూలుకో బస్సెక్కించండి. అక్కడ చెవి డాక్టరు లేకపోతే హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.