పాత లకోటా – పల్లె చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



నలుని వార్తను దమయంతికి హంస కొనిపోయెను. యక్షుని మాటను మేఘము మోసెను. మన తాతలకు హంసయు లేదు, మేఘమును లేదు. భుజమున సంచి మోయు టపా హర్కారాయే దిక్కు.

1848లో కాలిఫోర్నియాలో బంగారము బయటపడగా జనము తండోపతండములుగా అటు పోయిరి. వారికి ఇంటి జాబు బంగారముకంటె ప్రియమాయెను. 1860 ఏప్రిలులో మొదలైన గుఱ్ఱపు టపా సుమారు 1,900 మైళ్లను పది దినములలో దాటెడిది. తంతి తీగలు కలియగానే 1861 అక్టోబరులో అది నిలిచిపోయెను. ఆనాటి లకోటాలను లోకము రత్నములవలె దాచుచున్నది.

మన చరిత్రయు తక్కువది కాదు. మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, 1869లో, హైదరాబాదు రాజ్యము ఒక అణా బిళ్లతో సొంత తపాలా బిళ్లలను ఆరంభించెను. 1871 నాటి బిళ్లలపై పారసీ, ఆంగ్లము, మరాఠీలతోపాటు తెలుగు లిపియు కలదు. కచేరీలలో మన భాషకు చోటులేని రోజులలో ఆ చిన్న కాగితముపై మన అక్షరము నిలిచెను! 1873 నుండి ప్రభుత్వపు జాబుల బిళ్లలపై ‘సర్కారీ’ అని అచ్చువేసిరి. ఈ బిళ్లలు రాజ్యపు ఎల్లలలోపలనే చెల్లెడివి. 1950 ఏప్రిల్ 1న ఆ శాఖ భారత తపాలా శాఖలో కలిసెను.

అయితే బిళ్లకంటె ముద్ర గొప్పది. అందలి ఊరిపేరును, తేదియు జాబు నడచిన దారిని చెప్పును. 1905కు ముందు కరీంనగరు జిల్లా ఎలగందుల పేర చెల్లెడిది. 1941 వరకు ఆదిలాబాదు ప్రాంతమునకు ఆసిఫాబాదు జిల్లా కేంద్రము. 2016లో ఆ ఊరు మరల జిల్లా కేంద్రమాయెను. ఈ రెండు సీమల నడుమ గోదావరి. వరద వచ్చి పడవ నిలిచినచో జాబును నిలిచెడిది. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా ఇనుపదారి నడవగా, వంతెనమీది రైలునకు ఆ బాధ తప్పెను.

ఇట్టి సాక్ష్యము మన అటుకలమీద చెదల పాలగుచున్నది. కొందరు బిళ్లకై లకోటాను కత్తిరింతురు; బిళ్ల దక్కును, దారి పోవును. కావున బిళ్లను ఊడదీయరాదు, నీట నానబెట్టరాదు, బంక పూయరాదు. మడతవిప్పి తెల్లకాగితముల నడుమ తడి తగులని పెట్టెలో ఉంచవలెను.

లోపలి జాబు ఇంటివారిది. దానిని ఇంటనే ఉంచుకొనవచ్చును. పైలకోటా మాత్రము ఊరిది. ఈ రజతోత్సవమున ఇంటికొక్క లకోటా గ్రంథాలయమునకు చేరినచో, మన పల్లె చరిత్రకు తొలి పుట సిద్ధమగును.