నిప్పుకు వెరచి కట్టిన అందం: లివర్‌పూల్ ఆల్బర్ట్ డాక్

జీవితమంతా వంతెనలూ గిడ్డంగులూ కట్టిన ఒక ఇంజనీరు స్మృతిలో జరిగే ఉపన్యాసమిది. అందుకే ఈసారి గుళ్లనూ కోటలనూ పక్కనపెట్టి, సరుకు దాచుకునే కట్టడాన్ని ఎంచుకున్నాను.

పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో లివర్‌పూల్ రేవులో సరుకును ఓడ నుంచి దించి, గట్టున పేర్చి, బళ్ల మీద ఊళ్లోని గోదాములకు చేర్చేవారు. ఆ దారిలో దొంగల చేతివాటం సాగేది. గోదాము చేరాక మరో భయం: కొయ్య దూలాలు, కొయ్య నేలలు, వాటి మీద పత్తి, సారా, చక్కెర. ఒక్క నిప్పురవ్వ చాలు. రేవు ఇంజనీరు జెస్సీ హార్ట్లీ ఈ రెండు చిక్కులకూ ఒకే కట్టడంతో పరిష్కారం వెతికాడు. వాస్తుశిల్పి ఫిలిప్ హార్డ్‌విక్ తోడయ్యాడు. అలా రూపుదిద్దుకున్న ఆల్బర్ట్ డాక్‌ను 1846 జులై 30న ఆల్బర్ట్ యువరాజు ప్రారంభించాడు.

దొంగతనానికి మందు స్థలంలోనే ఉంది. లండన్ సెయింట్ కాథరిన్ డాక్స్‌లో హార్డ్‌విక్ అప్పటికే చేసి చూసినట్టు, ఇక్కడా గోదాములను నీటి అంచునే నిలబెట్టారు. ఓడలోంచి సరుకు నేరుగా లోపలికి పోయేది. బయటికి తీసినప్పుడు సుంకం కడితే సరిపోయేది. నీటి వైపు కింది అంతస్తును పోత ఇనుప స్తంభాల మీద తెరిచి ఉంచారు. ఆ లావుపాటి స్తంభాల వరుసను అక్కడక్కడా వెడల్పాటి కమానులు తెంచుతాయి. చూసేవారికి అది అలంకారంలా కనిపిస్తుంది. నిజానికి క్రేన్ చెయ్యి తిరగడానికి వదిలిన చోటు అది.

నిప్పు సంగతిలో హార్ట్లీ ఊహకు వదలలేదు. నమూనా కట్టడాలను తగలబెట్టి, ఏది ఎంతసేపు తట్టుకుంటుందో చూశాడు. చివరికి బరువు మోసే నిర్మాణంలో కొయ్య వాడనేలేదు. పోత ఇనుప స్తంభాలు, దూలాలు; వాటి నడుమ ఇటుక కమాను కప్పులు; గోడలకు ఇటుక, గట్టుకు గ్రానైట్; పైకప్పుకు రివెట్లతో బిగించిన ఇనుప రేకులు. ఇనుము మండదు గాని, బాగా కాగితే సత్తువ పోతుంది. అందుకే అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇటుక అడ్డుపడాలి. సరుకు ఎత్తడానికి 1848లో నీటి పీడనంతో పనిచేసే క్రేన్లు కూడా ఇక్కడికి వచ్చాయి.

ఇంత చేసినా ఆ కాలపు రసికులకు అది నచ్చలేదు. లివర్‌పూల్ చరిత్రకారుడు జేమ్స్ పిక్టన్ దాన్ని వికారమైన ఇటుకల గుట్టగా తీసిపారేశాడు. రోజులూ కలిసిరాలేదు. తెరచాప ఓడల కొలతకు తవ్విన డాక్‌లోకి పెద్ద ఆవిరి ఓడలు పట్టలేదు. 1941 బాంబు దాడుల్లో దెబ్బతింది. 1972లో మూతపడ్డాక ఒండ్రు మేట వేసింది.

అయితే 1952లోనే దానికి అత్యున్నత స్థాయి చట్ట రక్షణ దక్కి ఉంది. 1980లలో మరమ్మతులు చేసి తిరిగి తెరిచారు. 1988లో టేట్ కళా ప్రదర్శనశాల అక్కడికి వచ్చింది. ఆ రేవును పెంచిన ధనంలో బానిసల వర్తకపు సొమ్ము కూడా ఉంది. ఆ కథ చెప్పే మ్యూజియం 2007లో ఈ గోదాముల్లోనే తెరుచుకుంది. తన పునాదుల్లోని పాపాన్ని తన గోడల మధ్యే చెప్పించుకున్న కట్టడాలు అరుదు.

ఈ రెండో బతుకు దానికి ఎలా దక్కింది? బస్తాల బరువుకు కట్టిన నేల జనం బరువును సులువుగా మోస్తుంది. అడ్డుగోడలు లేని హాలు ఏ పనికైనా ఒదుగుతుంది. అవసరానికి నిజాయితీగా జవాబిచ్చిన కట్టడం, ఆ అవసరం తీరాకా నిలుస్తుంది. ముందువైపు అందం కోసమే కట్టినదానికి ఆ అదృష్టం తక్కువ.

విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్లో పాత గోదాము కనబడితే, పడగొట్టే కాగితం మీద సంతకం పడకముందే లోపలికి వెళ్లండి. దూలం దేనితో చేశారో, నేలను ఏది మోస్తున్నదో చూసి కొలతలు రాసి పెట్టండి. కాపాడుకోవడం అక్కడే మొదలవుతుంది.